క్యూ రాసుకోవాలా, తెచ్చుకోవాలా?

కంప్యూటర్ సైన్స్ బీటెక్‌లో డేటా స్ట్రక్చర్స్ చదవకుండా ఎవరూ బయటపడరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కాలేజీల్లోనూ అంతే. ల్యాబ్‌లో సీ భాష, స్టాక్, క్యూ, లింక్డ్ లిస్ట్, ట్రీ. ఆ పిల్లల్లో చాలామంది రేపు విశాఖలోనో హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరి జావాస్క్రిప్ట్ రాస్తారు. ఆ భాషలో క్యూ పేరుతో ఏమీ దొరకదు. ఉన్న అర్రేతో సరిపెట్టుకోవాలా, ఎవరో రాసిన చిన్న లైబ్రరీ తెచ్చుకోవాలా, సొంతంగా రాసుకోవాలా? రాజాం వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మావయ్యకీ, విశాఖలో నోడ్ సర్వర్లు రాసే మేనకోడలికీ ఈ విషయంలో పడలేదు. దసరా సెలవుల్లో ఆయన కొత్త ల్యాబ్ మాన్యువల్ సిద్ధం చేసుకుంటుంటే ఆమె తీసి చూసింది. వాదన అక్కడ మొదలైంది.

మేనకోడలు: ఇదేటి మావయ్యా, జావాస్క్రిప్ట్ ల్యాబ్‌లో మొదటి ప్రయోగమే ‘క్యూ నిర్మించుము’ అని పెట్టారు? అర్రేకి పుష్ ఉంది, షిఫ్ట్ ఉంది. వెనక చేర్చడానికి ఒకటి, ముందు నుంచి తీయడానికి ఒకటి. ముందొచ్చింది ముందు పోతుంది. క్యూకి ఇంకేటి కావాలి? అది చాలని చోట ఎన్‌పీఎంలో కావలసినన్ని లైబ్రరీలున్నాయి. ఉన్నదాన్నే మళ్లీ రాయించి పిల్లల టైము ఎందుకు తినేయడం?

మావయ్య: పుష్‌తో నాకు పేచీ లేదమ్మా. షిఫ్ట్ ఏం చేస్తుందో భాషా ప్రమాణంలో ఎప్పుడైనా చదివావా? సున్నాలో ఉన్నదాన్ని తీసి నీ చేతికిస్తుంది. తర్వాత ఒకటిలో ఉన్నది సున్నాలోకి, రెండులోది ఒకటిలోకి, అలా కొసదాకా అన్నింటినీ జరుపుతుంది. రథసప్తమినాడు అరసవల్లి గుడి లైనులో నిలబడ్డావు కదా. ముందున్నవాడు గడప దాటితే వెనక ఎంతమంది ఉంటే అంతమందీ ఒక్కో అడుగు వేయాలి. ఆసుపత్రి ఓపీలో అలా ఉండదు. టోకెన్లు పట్టుకుని అందరూ బల్లల మీద కూర్చునే ఉంటారు, పిలిచే నంబరు ఒక్కటే మారుతుంది. షిఫ్ట్ మొదటి పద్ధతి. మంచి క్యూ రెండో పద్ధతిలో నడవాలి.

మేనకోడలు: ప్రమాణంలో రాసింది ఫలితం ఎలా ఉండాలన్నది. లోపల ఎలా చేయాలన్నది ఇంజిన్ ఇష్టం. క్రోమ్‌లోనూ నోడ్‌లోనూ ఉండే వి8 చాలా సందర్భాల్లో దేన్నీ కదపదు. అర్రే మొదలు ఎక్కడన్న గుర్తునే ఒక గది ముందుకు జరిపేస్తుంది. అంటే మీరు చెప్పిన టోకెన్ పద్ధతే. ఇంజిన్ వాళ్లు మన కోసం అంత పని చేసి పెడితే, మీరు పిల్లలకు పాత భయాలే నేర్పుతున్నారు.

మావయ్య: ఆ ఉపాయం ఎంతవరకు సాగుతుందో కూడా చెప్పు మరి. అర్రే బాగా పెరిగితే వి8 దాన్ని పెద్ద వస్తువుల కోసం కేటాయించిన వేరే మెమరీలో పెడుతుంది. అక్కడ మొదలును జరపడం కుదరదు, మళ్లీ అన్నింటినీ జరపాల్సిందే. వందల్లో, వేలల్లో హాయిగా నడిచిన ప్రోగ్రామ్ లక్షల్లోకి వెళ్లేసరికి చతికిలబడుతుంది. టెస్టింగ్‌లో అంత సరుకు ఎవరూ పెట్టరు కనుక అప్పుడు అది కనిపించదు. రద్దీ రోజునే కనిపిస్తుంది. నోడ్ రాసినవాళ్లనే చూడు. నడుస్తున్న పని అవగానే చేయాల్సిన నెక్స్ట్‌టిక్ పనులు దాచుకోవడానికి వాళ్లు షిఫ్ట్‌ను నమ్ముకోలేదు. 2048 గదుల వలయాలు చేసి, ఒకటి నిండితే ఇంకొకటి గొలుసులా తగిలించుకుంటూ పోయారు.

మేనకోడలు: అదే నేనూ అనేది! తెలిసినవాళ్లు ఒకసారి సరిగ్గా రాసి పెడతారు, మిగతావాళ్లం వాడుకుంటాం. జావా 2004లో వచ్చిన అయిదో వెర్షన్ నుంచీ క్యూని భాషతోపాటే ఇస్తోంది. పైథాన్ కూడా అదే ఏడాది 2.4లో రెండు కొసలా చేర్చి తీయగల డెక్‌ని ఇచ్చింది. జావాస్క్రిప్ట్‌ను 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో తయారు చేశారు. వెబ్ పేజీలో చిన్న చిన్న పనులకని పుట్టిన భాష అది. మ్యాప్, సెట్ రావడానికే 2015 దాకా పట్టింది. క్యూ ఇప్పటికీ రాలేదు. భాషలో ఉన్న ఆ లోటును లైబ్రరీ పూడుస్తుంది. కేట్ మోర్లీ రాసిన క్యూ.జేఎస్ ఉంది చూడండి, ఒక పేజీకి మించదు. ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని సీసీ0 కింద వదిలేశారు.

మావయ్య: వాడావు సరే. తెరిచి చూశావా?

మేనకోడలు: చూశాను. లోపల ఒక మామూలు అర్రే, దాని పక్కన ఆఫ్‌సెట్ అని ఒక అంకె. చేర్చాలంటే పుష్. తీయాలంటే ఆఫ్‌సెట్ దగ్గరున్నదాన్ని ఇచ్చేసి ఆఫ్‌సెట్‌ను ఒకటి పెంచుతుంది. ఏదీ కదలదు. అలాగే వదిలేస్తే ముందు భాగమంతా ఖాళీ గదులతో పెరిగిపోతుంది కదా. అందుకని ఆఫ్‌సెట్ అర్రే పొడవులో సగానికి చేరగానే, మిగిలిన సగాన్ని కొత్త అర్రేలోకి కోసుకుని ఆఫ్‌సెట్‌ను మళ్లీ సున్నా చేస్తుంది.

మావయ్య: అలా కోసేటప్పుడు జరపడం ఉంది కదా. మరి లాభమేటి?

మేనకోడలు: కాగితం ఇటివ్వండి. క్యూలో 10 ఉన్నాయనుకోండి, కొత్తవేవీ రావడం లేదు. 5 తీసేదాకా ఏదీ కదలదు. అయిదోది తీయగానే మిగిలిన 5 కొత్త అర్రేలోకి వెళ్తాయి. ఇప్పుడు పొడవు 5. మూడు తీశాక మిగిలిన 2 వెళ్తాయి. పొడవు 2. ఒకటి తీశాక మిగిలిన 1 వెళ్తుంది. అది కూడా తీస్తే అయిపోయింది. మొత్తం కదలికలు 5, 2, 1 కలిపి 8. అదే ప్రమాణంలో రాసినట్టు షిఫ్ట్ ప్రతిసారీ జరుపుకుంటూ పోతే 9, 8, 7 అలా దిగుతూ మొత్తం 45. పదికి బదులు 1,000 పెట్టి చూస్తే ఈ లైబ్రరీలో 994, అక్కడ 4,99,500. తీసినవాటి సంఖ్యను కదలికల సంఖ్య ఎన్నడూ దాటదు. కోత పడిన ప్రతిసారీ, అప్పుడు కదిలేవాటికి తక్కువ కాకుండా అంతకు ముందే తీసేసి ఉంటాం. ఖర్చు ముందే చెల్లిపోయినట్టు.

మావయ్య: బాగుంది. ఇంత చక్కగా చెప్పగలిగావంటే సీ ల్యాబ్‌లో ఫ్రంట్, రియర్ పెట్టుకుని చేతులారా రాసినందువల్లే. పాతిక ముప్పై లైన్ల పని అది. దానికి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ ఎందుకు? మా గుంటలు రాసుకోలేరేటి?

మేనకోడలు: రాసుకుంటారు. తప్పు రాస్తారు. మీ ల్యాబ్ రికార్డులే తీయండి. అయిదు గదుల సర్క్యులర్ క్యూ. ఫ్రంట్, రియర్ రెండూ ఒకే గదిని చూపిస్తున్నాయి. క్యూ ఖాళీగా ఉన్నట్టా, నిండిపోయినట్టా? ఆ ఒక్క షరతు దగ్గర ప్రతి బ్యాచ్ తప్పటడుగు వేస్తుంది. ఒక గదిని ఎప్పుడూ ఖాళీగా వదలాలి, లేదంటే లెక్క వేరుగా పెట్టుకోవాలి. ల్యాబ్‌లో ఆ తప్పుకి రెండు మార్కులు పోతాయి. సర్వర్‌లో అయితే నిండిన క్యూని ఖాళీ అనుకుని ఎవరి ఆర్డరో మింగేస్తుంది. పదిమంది వాడి, పదిమంది తిట్టి, దిద్దించిన కోడ్ ఉండగా పచ్చి కోడ్‌ను జనం మీదకు వదలడం బాధ్యత అనిపించుకోదు మావయ్యా.

మావయ్య: పరాయి కోడ్‌ను చూడకుండా వదలడం బాధ్యతేనా? 2016 మార్చి గుర్తుందా? లెఫ్ట్‌ప్యాడ్ అని పదకొండు లైన్ల ప్యాకేజీ. అక్షరాలకు ఎడమవైపు ఖాళీలు పెట్టడమే దాని పని. రాసినాయనకు ఎన్‌పీఎంతో గొడవ వచ్చి తన ప్యాకేజీలన్నీ తీసేసుకున్నాడు. దాంతో బేబెల్ లాంటి పెద్ద పనిముట్లే బిల్డ్ కాక నిలిచిపోయాయి. పదకొండు లైన్లు రాసుకోవడానికి బద్ధకించిన ఫలితం అది.

మేనకోడలు: దాని తర్వాత నిబంధన మారింది. ఇప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్లు ప్యాకేజీ మాయం చేయడానికి లేదు. ఏ వెర్షన్ తెచ్చామో లాక్ ఫైల్‌లో రాసి ఉంటుంది.

మావయ్య: మాయం చేయలేరు సరే, విషం కలపగలరు కదా. 2018లో ఈవెంట్‌స్ట్రీమ్ ఏమైంది? నిర్వహించే ఓపిక లేక అసలాయన అడిగినవాడికి హక్కులు ఇచ్చేశాడు. వచ్చినవాడు కొత్త ప్యాకేజీ ఒకటి దానికి తగిలించి, బిట్‌కాయిన్ వాలెట్ల నుంచి దోచుకునే కోడ్ అందులో దాచాడు. లాక్ ఫైల్ వెర్షన్ నంబరు చూస్తుంది. మనసు చూడలేదు.

మేనకోడలు: ఆ భయం నిజమే, కాదనను. కానీ దానికి మందు అన్నీ సొంతంగా రాసుకోవడం అంటే ఒప్పుకోను. ఒక పని చేయండి. మీ ల్యాబ్‌లో ఏదైనా పెద్ద జావాస్క్రిప్ట్ ప్రాజెక్టు నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తెరవండి. ఒకేసారి ఇన్ని పనులే నడవాలని హద్దు పెట్టే పీలిమిట్ కొత్త వెర్షన్ అందులో కనిపించిందంటే, దానితోపాటు యోక్టోక్యూ అని చిట్టి లైబ్రరీ కూడా ఉంటుంది. సిండ్రే సోర్హస్ రాశారు, లింక్డ్ లిస్ట్‌తో చేసిన క్యూ. మీరు పిలవలేదు, అయినా మీ ఇంట్లోనే ఉంది. పరాయి కోడ్ లేని ప్రోగ్రామ్ ఈ కాలంలో ఎక్కడుంది? కాబట్టి పిల్లలకు నేర్పాల్సింది మంచి లైబ్రరీని గుర్తుపట్టడం. వేరే ప్యాకేజీల మీద ఆధారపడదా? ఒకేసారి కూర్చుని చదివేయగలమా? పని ఒక్కటేనా? క్యూ లైబ్రరీ ఈ మూడింటికీ నిలబడుతుంది.

మావయ్య: అలాగైతే నీ క్యూ.జేఎస్‌నే పరీక్ష పెడదాం. డీక్యూ చేసినప్పుడు, అంటే తీసినప్పుడు, వస్తువును చేతికిచ్చి ఆఫ్‌సెట్ పెంచింది. ఆ గదిలో ఏముంది?

మేనకోడలు: ఖాళీ... కాదు. ఆ వస్తువే ఉంది.

మావయ్య: ఉంటుంది మరి. సగానికి వచ్చి కోత పడేదాకా అర్రే దాన్ని పట్టుకునే ఉంటుంది. మనకు దానితో పని అయిపోయినా, అర్రే చూపిస్తున్నంతసేపూ గార్బేజ్ కలెక్టర్ దాన్ని ముట్టదు. అంకెలో పేర్లో అయితే నష్టం లేదు. ఒక్కొక్కటీ పెద్ద ఫోటో అనుకో, స్కాన్ చేసిన కాగితం అనుకో. క్యూలో లక్ష చేరాక కొత్తవి రావడం ఆగిపోయింది, నలభై వేలు తీసి ఆగాం. తీసేసిన ఆ నలభై వేలూ మెమరీలోనే కూర్చుంటాయి. బయట నుంచి పొడవు అడిగితే అరవై వేలే అంటుంది.

మేనకోడలు: నిజమే. ఇచ్చేసిన గదిలో అన్‌డిఫైన్డ్ పెట్టేస్తే తీరిపోతుంది. ఒక్క లైను. సీసీ0 కనుక మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మావయ్య: ఒక్క లైనే. కానీ ఆ లైను ఎక్కడ పెట్టాలో ఎవరికి తెలుస్తుంది? తెరిచి చదివినవాడికి. చదివితే అర్థం కావాలంటే, ఒకసారి సొంతంగా రాసి, పాడుచేసి, బాగుచేసిన అనుభవం ఉండాలి. నా ప్రయోగం అందుకే.

మేనకోడలు: అంతవరకూ మీదే పైచేయి. ఇప్పుడు నా అసలు మాట వినండి. ఇంతసేపూ వేగం, మెమరీ అన్నాం. లైబ్రరీ తెచ్చుకోవడానికి నాకు వాటికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. అర్రే ఇస్తే ఎవరైనా దాంతో ఏమైనా చేయగలరు. స్ప్లైస్‌తో నడిమధ్యన దూర్చగలరు, అన్‌షిఫ్ట్‌తో అందరికన్నా ముందు పెట్టగలరు, సార్ట్ కొట్టి వరుసంతా తారుమారు చేయగలరు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో పంపాల్సిన మెసేజీలు ఇలా అర్రేలో పెట్టేవారు. ఒకరు తమ మెసేజీ అర్జెంటని అన్‌షిఫ్ట్ వాడారు. అది చూసి ఇంకొకరు. కొన్నాళ్లకు కోడ్‌లో నాలుగైదు చోట్ల అందరివీ అర్జెంటే. మామూలు మెసేజీలు గంటల తరబడి పోయేవి కావు. తప్పు ఎవరిదో వెతికితే ఏ ఒక్క లైనూ తప్పుగా లేదు! క్యూ లైబ్రరీలో ఆ దారులేవీ ఉండవు. చేర్చు, తీయి, ముందున్నది చూడు, ఎన్నున్నాయో చెప్పు. అంతే. మధ్యలో దూరడానికి తలుపే లేదు. ఎవరు ఎంత పెద్దవాళ్లయినా వెనకనుంచే రావాలి. ఈ కట్టుబాటు కోసం తెచ్చుకుంటాను.

మావయ్య: ఈ మాట నా ఇరవై పేజీల నోట్సులో లేదమ్మా. క్యూ ఏం చేస్తుందో చెప్పాను గానీ, ఏం చేయనివ్వదో చెప్పడం మంచి పాఠం. కాని ఆ కట్టుబాటు అన్నిచోట్లా న్యాయమవుతుందా? మన ఉద్దానం తీసుకో. కవిటి, సోంపేట, పలాస, మందస, ఎన్ని ఊళ్లలో కిడ్నీ జబ్బు! పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. డయాలసిస్‌కి మిషన్ ఎక్కితే ఒకరికి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ ఆ మిషన్ ఇంకొకరికి దొరకదు. అక్కడితో తీరేదీ కాదు, వారానికి రెండు మూడు సార్లు మళ్లీ రావాలి. ఆ షెడ్యూలు నడిపే సాఫ్ట్‌వేర్ ఎవరైనా రాయాలంటే నీ క్యూ.జేఎస్ పెట్టేస్తావా? ఒంట్లో పొటాషియం పెరిగిపోయి ఊపిరాడని మనిషిని ఆటోలో తెస్తే, వెనక నుంచే రావాలంటావా?

మేనకోడలు: అనను. అది డాక్టరు నిర్ణయించే వరుస. దానికి ప్రయారిటీ క్యూ కావాలి. ఎవరికి ఎంత ముప్పో ఒక అంకెగా ఇస్తే, అన్నింటికన్నా ముప్పున్నదాన్ని హీప్ ఎప్పుడూ పైన ఉంచుతుంది. జె.డబ్ల్యు.జె. విలియమ్స్ 1964లో ఇచ్చిన పద్ధతి, మీరే చెప్పారు. క్రమం తప్పకుండా వచ్చేవాళ్లకు మళ్లీ వేరే లెక్క. ఈరోజు అయినవాళ్లు మళ్లీ ఏ రోజు ఏ మిషన్‌కో ముందే రాసిపెట్టే పట్టిక. ఇందాకటి మెసేజీల క్యూతో కలిపి మూడు అవసరాలు, మూడు నిర్మాణాలు. కాని మావయ్యా, అత్యవసరానికి వేరే నిర్మాణం ఉందంటే దానికి నియమం కోడ్‌లో బయటకు కనబడేలా రాసి ఉంటుంది. ముప్పు అంకె ఎవరిచ్చారు, ఎంత ఇచ్చారు అని రేపు ఎవరైనా అడిగితే చూపించవచ్చు. అర్రేలో అన్‌షిఫ్ట్ చేస్తే ఎవరి మాట మీద ఎవరిని ముందు పెట్టారో జాడ కూడా మిగలదు. పలుకుబడి ఉన్నవాడూ, ప్రాణం మీదకొచ్చినవాడూ ఒకే దారిన ముందుకొస్తారు. తేడా తెలియదు.

మావయ్య: అంటే క్యూ ఎంచుకోవడమే ఒక నిర్ణయం అంటావు. ముందొచ్చినవాడికి ముందు అన్నది సహజ ధర్మం కాదు, మనం రాసిపెట్టిన నియమం.

మేనకోడలు: రాసిపెట్టినప్పుడే దాన్ని ప్రశ్నించగలం, మార్చగలం. చిన్న లైబ్రరీ అందుకే నాకిష్టం. నియమమంతా ఒక పేజీలో కనిపిస్తుంది.

మావయ్య: ఒక పేజీలో కనిపిస్తుంది కనుకనే చదవకపోవడానికి సాకు లేదంటాను. పెద్ద ఫ్రేమ్‌వర్క్ మొత్తం చదవమంటే ఎవరి వల్లా కాదు. ఇది చదవకుండా వాడితే మాత్రం క్షమించను. చదివాక ఆ ఫైలు మన ప్రాజెక్టులోకి కాపీ చేసుకుందాం. ఎవరు రాశారో పైన పేరు ఉంచుదాం. ఇన్‌స్టాల్ వద్దు.

మేనకోడలు: కాపీ చేసుకుంటే రేపు అసలు రచయిత దిద్దిన దిద్దుబాటు మనకు రాదు. మీ బ్యాచ్‌లో అరవైమంది దగ్గర అరవై కాపీలు, ఒక్కోటీ ఒక్కో వయసులో ఉంటుంది. నేను ప్యాకేజీగానే తెస్తాను, వెర్షన్ బిగించి, మారినప్పుడల్లా మార్పు చదివి.

మావయ్య: ప్రతిసారీ చదువుతావా?

మేనకోడలు: ముప్పై లైన్లదైతే చదువుతాను. అంతకన్నా పెద్దవాటికి ఒట్టు పెట్టలేను.

మావయ్య: ఇక్కడ మనిద్దరికీ కుదరదులే. నీ ఆఫీసులో నీ పద్ధతి, నా ల్యాబ్‌లో నాది. కాని ప్రయోగం మారుస్తాను. ‘క్యూ నిర్మించుము’ కొట్టేస్తున్నా. ముందు ఈ లైబ్రరీ చదవాలి. 10 అంశాలకు ఎన్ని కదలికలో నువ్వు చేసినట్టు కాగితం మీద వేయాలి. తీసేసిన వస్తువు ఎక్కడ మిగిలిపోతోందో కనిపెట్టి దిద్దాలి. ఆ తర్వాత చూడకుండా సొంతంగా ఒకటి రాయాలి.

మేనకోడలు: కొలత కూడా పెట్టండి. మామూలు అర్రేని షిఫ్ట్‌తో, ఈ క్యూని డీక్యూతో, వెయ్యి అంశాలకు ఒకసారి, రెండు లక్షలకు ఒకసారి నడిపి టైము రాయమనండి. వెయ్యి దగ్గర నా మాట నిలుస్తుందో, రెండు లక్షల దగ్గర మీ మాట నిలుస్తుందో వాళ్ల మిషన్ల మీదే తేలుతుంది. కొలవకుండా ఇది వేగం, అది నెమ్మది అని రాసినవాళ్లకు మార్కులు వేయకండి.

మావయ్య: వేయను. చివర్న వైవాలో ఒక్క ప్రశ్న అడుగుతాను: క్యూ పెట్టకూడని పని ఒకటి చెప్పి, అక్కడ ఎవరు ముందు వెళ్లాలో, ఆ మాట ఎవరు నిర్ణయించాలో చెప్పమంటాను. కోడ్ అందరిదీ ఒకేలా ఉన్నా పరవాలేదు. ఈ జవాబు మాత్రం ఎవరికి వాళ్లు ఆలోచించి చెప్పాల్సిందే.